కొలువు భాష, భక్తి భాష: ఫారసీ స్తుతికవిత్వం గురించి

పదో తరగతిలో పోతన పాఠం చెపుతున్నాను. రాజులకు కృతినివ్వడానికి నిరాకరించి భాగవతాన్ని శ్రీరామునికి అంకితమిచ్చిన కవి ధిక్కారాన్ని గురించి, ఏటా వచ్చే ఆవేశంతోనే చెప్పాను. వెనక బెంచీలో కూర్చునే కుర్రవాడొకడు లేచి, "రాముడు కూడా రాజే కద సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. రాముడు దేవుడు కదా అని ఏదో సర్దిచెప్పి, గంట కొట్టేలోగా పాఠం ముగించాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

అది నిజంగా సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న. సింహాసనం అలాగే ఉంది, కిరీటం అలాగే ఉంది, కవి చేతులు కట్టుకుని నిలబడిన భంగిమ కూడా అలాగే ఉంది. కూర్చున్నవాడు మాత్రమే మారితే, ధిక్కారం ఎక్కడ ఉన్నట్టు? ఈ విషయంలో మన విమర్శకులకు రెండు అలవాట్లున్నాయి. మతం వాసన తగిలిన ప్రతి స్తుతినీ పాలకవర్గ భావజాలమని పక్కకు నెట్టడం ఒకటి. రాజును కాదన్న ప్రతి భక్తకవినీ ప్రజాకవి అని భుజాల మీద ఎత్తుకోవడం రెండవది. ఈ రెండూ కవిత్వాన్ని చదవవలసిన శ్రమను తప్పించుకోవడానికే పనికివస్తాయని నా అనుమానం.

దీన్ని పరీక్షించి చూడటానికి ప్రాచీన ఫారసీ కవిత్వం కంటే మంచి చోటు లేదు. క్రీ.శ. పదో శతాబ్ది నుంచి పదహారో శతాబ్ది దాకా, సుమారు ఆరు వందల ఏళ్లు, అక్కడ రాజస్తుతీ మతస్తుతీ ఒకే రూపంలో, తరచు ఒకే కవి చేతిలో నడిచాయి. పైగా ఈ రెంటికీ ఉన్న సంబంధం గురించి ఆ కవులే తమలో తాము వాదించుకున్నారు. నాకు ఫారసీ రాదు. అనువాదాల మీదా, మా బడిలో ఉర్దూ చెప్పే సహోపాధ్యాయుని ఓపిక మీదా ఆధారపడి చదివాను. ఆ చదువులో నాకు అర్థమైనదాన్ని ఇక్కడ వివరిస్తాను.

1

ముందు పేర్లు. దేవుని స్తుతిని హమ్ద్ అంటారు. దేవునితో ఏకాంతంగా మొరపెట్టుకునేది మునాజాత్. ప్రవక్త ముహమ్మద్ స్తుతి నాత్. అలీ, ఇమాములు, ప్రవక్త సహచరులు, సూఫీ గురువులు - వీరి స్తుతి మన్ఖబత్. క్రీ.శ. 680లో కర్బలాలో చంపబడిన హుసేన్ కోసం, ఆయన వారి కోసం పాడే శోకగీతం మర్సియా. అందులో స్తుతీ దుఃఖమూ కలిసే ఉంటాయి. ఇవన్నీ వస్తువును బట్టి వచ్చిన పేర్లు.

రూపాలు ముఖ్యంగా రెండు: ఖసీదా, మస్నవీ. ఖసీదా అరబ్బీ నుంచి వచ్చింది. పద్యమంతా ఒకే అంత్యప్రాస మీద నడుస్తుంది. మొదట వసంతమో, ప్రేయసి వియోగమో, ఒక పండుగో వర్ణిస్తారు. అక్కడి నుంచి ఒడుపుగా, అతుకు కనపడకుండా, పొగడవలసినవాని పేరులోకి జారుతారు. ఆ జారుడులోనే కవి నేర్పు తెలుస్తుందని ఆనాటి రసికులు భావించేవారు. తర్వాత అసలు పొగడ్త. చివర ఆశీర్వచనం. ఆశీర్వచనానికి కాస్త ముందు కవి తన అవసరాన్ని కూడా విన్నవించుకుంటాడు. పొగడబడేవానిని మమ్దూహ్ అంటారు. మన కృతిపతికి దగ్గరగా ఉండే మాట ఇది.

మస్నవీ దీర్ఘకథలకు వాడే ద్విపద. ఏ ద్విపదకు ఆ ద్విపదకే ప్రాస. దాని పీఠిక క్రమం తెలుగు విద్యార్థికి వెంటనే పరిచితంగా కనిపిస్తుంది. హమ్ద్, నాత్, ప్రవక్త స్వర్గారోహణ వర్ణన, ప్రవక్త సహచరుల లేదా గురువు స్తుతి, ఏలిక స్తుతి, కావ్యరచనకు కారణం - సాధారణంగా ఇదీ వరస. మన ప్రబంధాల అవతారికలో ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు ఉన్నట్టే. రెండు చోట్లా కారణం ఒకటే: పుస్తకం రాయడానికి అన్నం పెట్టినవాడొకడున్నాడు, ఆ అన్నదాత కంటే పైవాడొకడు ఉన్నాడని లోకం నమ్ముతున్నది. పీఠిక ఆ అధికార క్రమాన్ని వరస తప్పకుండా చెపుతుంది.

మతస్తుతి రాజస్తుతికి తమ్ముడేగాని అన్న కాదు. ప్రవక్తకు కవిగా పేరుపొందిన హస్సాన్ బిన్ థాబిత్ అంతకు ముందు ఘస్సానీ రాజుల కొలువులో స్తుతులు చదివినవాడు. ప్రవక్తను నిందించి ప్రాణభయంలో పడిన కాబ్ బిన్ జుహైర్, తర్వాత ఆయన ఎదుట నిలబడి ఖసీదా చదివాడనీ, ప్రవక్త తన పైవస్త్రం తీసి అతనికి కప్పాడనీ సంప్రదాయం చెపుతుంది. ఆ ఖసీదా కూడా వెళ్లిపోయిన ప్రేయసితోనే మొదలవుతుంది. పద్యం, క్షమాపణ, వస్త్రదానం - కొలువు ఆచారం ఇక్కడ మూడంచెలుగా కనిపిస్తున్నది. మతస్తుతికి ఇదే మాతృక అయింది.

2

ఫారసీ కవిత్వానికి పునాది వేసినది బుఖారాలోని సామానీ రాజుల కొలువు. రూదకీ అక్కడి కవి. పదకొండో శతాబ్ది ఆరంభంలో ఆ వైభవం గజ్నీకి మారింది. మహమూద్ (పాలన 998-1030) కొలువులో ఉన్సురీ, ఫర్రుఖీ వంటివారు ఖసీదాను ఒక పరిశ్రమగా చేశారు. రాజుకు అవసరమైన నలుగురు కొలువుగాళ్లను గురించి పన్నెండో శతాబ్దిలో నిజామీ అరూజీ 'చహార్ మఖాలా' రాశాడు: లేఖకుడు, కవి, జ్యోతిష్కుడు, వైద్యుడు. కవి పని రాజు పేరును చావకుండా నిలపడం. కవి అక్కడ ఒక ఉద్యోగి. ఈ సంగతి దాచలేదు, సిగ్గుపడనూ లేదు.

ఆ పుస్తకంలోనే ఫర్రుఖీ కథ ఉంది. సీస్తాన్‌లో ఒక భూస్వామి దగ్గర ఏడాదికింత ధాన్యం, ఇంత వెండి అని జీతానికి ఉండేవాడు. పెళ్లయింది. జీతం చాలలేదు. పెంచమంటే భూస్వామి పెంచలేదు. అప్పుడు కవి మంచి కొలువు వెతుక్కుంటూ బయలుదేరాడు. చఘానియాన్ అమీరు గుర్రప్పిల్లలకు ముద్రలు వేయించే వేడుకను వర్ణించి ఒక ఖసీదా చదివాడు. ఎన్ని పట్టుకోగలిగితే అన్ని గుర్రప్పిల్లలు నీవేనన్నాడు అమీరు. తాగిన మైకంలో పరుగెత్తి పరుగెత్తి, నలభైరెండు పిల్లల్ని ఒక పాడుబడ్డ సత్రంలోకి తోలి, అక్కడే పడి నిద్రపోయాడు కవి. కథ కొంత కట్టుకథ కావచ్చు. కాని పెళ్లి, చాలని జీతం, నలభైరెండు గుర్రాలు - స్తుతికవిత్వపు ఆర్థిక పునాదిని ఇంతకంటే సూటిగా చెప్పినవారు అరుదు.

మహమూద్ కవులకు పంచిన సొమ్ము ఖురాసాన్ రైతుల మీది పన్నుల నుంచీ, హిందూస్థాన్ దండయాత్రల కొల్ల నుంచీ వచ్చింది. 1025-26లో జరిగిన సోమనాథ్ దండయాత్ర మీద ఫర్రుఖీ ఖసీదా రాశాడు. ఇక్కడ మతం రాజస్తుతిలోకి ఒక అలంకారంగా ప్రవేశించింది. కొల్లగొట్టినవాడు ధర్మవీరుడయ్యాడు. మతస్తుతిని గురించి మాట్లాడేటప్పుడు ఈ రకాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇందులో పొగిడేది రాజునే. మతం ఆ పొగడ్తకు వేసిన మెరుగు.

3

రాజును పొగడటంలో పండిన ఈ భాషే దేవుని వైపు తిరిగింది. అందుకు సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. దర్గా అనే మాట మనకు తెలుసు. వలీల సమాధి ఉన్న చోటు. ఫారసీలో ఆ మాటకు అర్థం రాజద్వారం, కొలువు. అలీకి 'షా' అనే బిరుదు ఉంది. ఢిల్లీ సూఫీ నిజాముద్దీన్ ఔలియాకు గురువులలో 'సుల్తాన్' అనే బిరుదు ఉంది. చిరుగుల బొంత కప్పుకున్న ఫకీరు పేరు చివర 'షా' ఉంటుంది. 'హజ్రత్' అంటే సన్నిధి. రాజ సన్నిధి, పుణ్యపురుషుని సన్నిధి రెండూ. తెలుగు మాత్రం ఏం తక్కువ? కొలువు రాజుది, కొలుపు దేవతది. రెండూ 'కొలుచు' నుంచి వచ్చినవే. ప్రభువు, స్వామి, ఏలిక - ఏ మాట పట్టుకున్నా రాజూ దేవుడూ ఇద్దరూ పలుకుతారు.

కాబట్టి మా కుర్రవాడి మాట ఫారసీలోనూ నిజమే. భూస్వామ్య సమాజంలో మనిషి ఎరిగిన అత్యున్నత సంబంధం ఏలికకూ సేవకునికీ మధ్య ఉన్నది. దేవుణ్ణి ఊహించడానికి ఆ సమాజం దగ్గర ఉన్న పోలిక అది. దీన్ని ఒప్పుకోకుండా భక్తకవుల ధిక్కారాన్ని గురించి మాట్లాడటం ఉత్త ఉపన్యాసం. కాని ఇక్కడ ఆగిపోతే యాంత్రికమవుతుంది. భాష ఒకటే అయినప్పుడు, పొగడ్త అందుకునేవాడు మారడం వల్ల పద్యంలో ఏం మారిందన్నది తర్వాతి ప్రశ్న.

4

ఆ మార్పును చూపే మొదటి పెద్ద కవి నాసిర్ ఖుస్రో (జననం 1004). ఆయన మర్వ్‌లో సెల్జూకు ప్రభుత్వ ఉద్యోగి. 1045లో ఒక కల వచ్చిందని ఉద్యోగం వదిలి, ఏడేళ్లు తిరిగాడు. కైరో చేరి ఇస్మాయిలీ శాఖ బోధకుడయ్యాడు. తిరిగివచ్చాక పాలకులూ వారి పండితులూ ఆయనను ఊళ్లో నిలవనివ్వలేదు. బదఖ్షాన్ కొండల్లో యుమ్గాన్ అనే చోట ప్రవాసంలో చివరిదాకా బతికాడు. అక్కడ రాసిన ఖసీదాలలో ఆయన ఉన్సురీ వంటి కొలువు కవులను పేరుపెట్టి అధిక్షేపించాడు. ప్రేయసి ముంగురులూ, సుల్తాను కత్తీ కాదు, జ్ఞానమే కవిత్వానికి వస్తువు కావాలన్నాడు.

ఇంతవరకు చదివి చప్పట్లు కొట్టేవారికి ఒక చిక్కు ఉంది. నాసిర్ ఖుస్రో కూడా ఒకరిని పొగిడాడు. ఆయన పొగిడిన ఇమాము అల్ ముస్తన్సిర్ కైరోలో సింహాసనం మీద ఉన్న ఫాతిమీ ఖలీఫా. అంటే బాగ్దాదును బలపరిచే సెల్జూకులకు ప్రత్యర్థి అయిన రాజ్యాధినేత. కాబట్టి అది ఒక రాజ్యానికి వ్యతిరేకంగా మరో రాజ్యం పక్షాన నిలిచిన స్తుతి. కాని కొలువు ఖసీదాకూ దానికీ తేడా లేకపోలేదు. యుమ్గాన్ కొండల్లోని కవికి కైరో నుంచి గుర్రాలు రావు. పొగిడినందుకు ఆయనకు దక్కింది ప్రవాసం. కవి నమ్మకం నిజమా కాదా అన్నది వేరే మాట. ఆ నమ్మకానికి ఆయన వెల చెల్లించాడు, తీసుకోలేదు. స్తుతిపద్యాన్ని తూచేటప్పుడు వెల ఎటు నుంచి ఎటు వెళ్లిందన్నది చూడవలసిన విషయం.

రెండవవాడు గజ్నీకి చెందిన సనాయీ (మరణం సుమారు 1131). ఆయన గురించి జామీ చెప్పిన కథ ప్రసిద్ధం. సుల్తాను హిందూస్థాన్ మీదికి బయలుదేరుతున్నాడు. సనాయీ పొగడ్త ఖసీదా పట్టుకుని పోతున్నాడు. దారిలో స్నానశాల కొలిమి దగ్గర, మడ్డి కల్లు తాగే పిచ్చివాడొకడు గిన్నె నింపమని పక్కవాడితో అంటున్నాడు: ఈ గిన్నె సుల్తాను గుడ్డితనం పేర. ఉన్న రాజ్యాన్ని చక్కదిద్దుకోలేక మరొకటి కావాలని పోతున్నాడు. ఇంకో గిన్నె సనాయీ గుడ్డితనం పేర. ఏ పనికి పుట్టాడో తెలియక అబద్ధాల కట్ట మోసుకుని తిరుగుతున్నాడు. ఆ మాటతో సనాయీ కొలువు వదిలాడని కథ. జామీ చెప్పిన సుల్తాను మహమూదు. సనాయీ పుట్టేనాటికే అతను పోయాడు. అందువల్ల ఇది చరిత్ర కాదు. కాని స్తుతికవిత్వం మీద జనం ఇచ్చిన తీర్పుగా దీనికి విలువ ఉంది. ఆ తీర్పును పండితుని చేత గాక కొలిమి పక్కన పడుండే తాగుబోతు చేత చెప్పించడం గమనించదగింది.

చరిత్ర మరోలా ఉంది. సనాయీ గజ్నీ వదిలి ఖురాసాన్ వెళ్లాడు. సరఖ్స్‌లో న్యాయాధికారి, మతబోధకుడు అయిన ముహమ్మద్ బిన్ మన్సూర్ ఆయనను ఆదరించాడు. కొలువు విందులో వినిపించవలసిన ఖసీదా, ఉపదేశ సభలో వినిపించే ఖసీదాగా మారింది. శ్రోతలు మారారు గనుక వస్తువు మారింది: లోకం మీద విరక్తి, అధికారుల అవినీతి మీద కోపం, ప్రవక్త స్తుతి. అయితే చివరకు ఆయన గజ్నీకి తిరిగివచ్చి తన ప్రసిద్ధ కావ్యం 'హదీఖా'ను సుల్తాను బహ్రామ్ షాకే అంకితమిచ్చాడు. వ్యక్తి హృదయ పరివర్తన ఒక్కటే దీనికి కారణమని చెప్పలేం. పోషకుల వర్గం ఒకటి కొత్తగా తయారైంది. దానితో పాటు కొత్త కవిత్వం వచ్చింది.

ఏ రాజునూ పొగడని పెద్ద కవి కావాలంటే నిషాపూర్ అత్తార్‌ను (మరణం సుమారు 1221) చూపాలి. పేరే చెపుతుంది; ఆయన మందులూ సుగంధ ద్రవ్యాలూ అమ్మే దుకాణదారు. దుకాణం ఉన్నది గనుక దర్బారు అక్కరలేకపోయింది. ఆయన కావ్యాల పీఠికల్లో దేవుడు, ప్రవక్త, నలుగురు ఖలీఫాలు వస్తారు. ఏలిక ఉండవలసిన చోట ఏలిక ఉండడు. దానికి వ్యతిరేక ఉదాహరణ ఖాకానీ. వడ్రంగి కొడుకు. షిర్వాన్ రాజుల కొలువులో పొగిడాడు, వారి చెరసాలలోనే పడ్డాడు, మక్కా వెళ్లి కాబాను, ప్రవక్తను స్తుతించి 'పారసీకుల హస్సాన్' అని పేరు తెచ్చుకున్నాడు. ఒకే కవి రెండు కొలువులూ చేశాడు. పొట్టకూ నమ్మకానికీ మధ్య నలిగిన చాలామంది కవుల కథ ఇంతే.

5

కవిత్వం లోపల ఏం మారిందో చూపడానికి ఒక ప్రతీక చాలు: ఆకాశాలు. ఆనాటి విశ్వాసంలో భూమి చుట్టూ తొమ్మిది ఆకాశాలు. జహీర్ ఫార్యాబీ (మరణం 1201) అనే కొలువు కవి తన ప్రభువు ఖిజిల్ అర్స్‌లాన్ గుర్రపు రికాబును అందుకోవడానికి ఆ తొమ్మిదింటినీ మెట్లుగా పేర్చాడు. సుమారు యాభై ఏళ్ల తర్వాత, 1257లో, షీరాజ్ కవి సాదీ తన 'బూస్తాన్'లో ఈ అతిశయోక్తినే పట్టుకుని ఎత్తిపొడిచాడు. రాజు పాదం కింద ఆకాశాలను పరవడం కాదు, రాజు తలను నేలకు ఆనించమని చెప్పడం కవి పని అన్నది ఆయన వాదం. సాదీ రాజులను పొగడలేదని కాదు, పొగిడాడు. కాని పొగడ్త మధ్యలో హితవు చెప్పడం తన హక్కుగా తీసుకున్నాడు.

అవే ఆకాశాలు నాత్‌లో ఎలా వచ్చాయో చూడండి. ప్రవక్త ఒక రాత్రి బురాఖ్ అనే వాహనం మీద గ్రహాలన్నీ దాటి దేవుని సన్నిధికి వెళ్లాడని విశ్వాసం. దీన్ని మిరాజ్ అంటారు. గంజాకు చెందిన నిజామీ (1141-1209) తన కావ్యాల పీఠికల్లో ఈ రాత్రిని వర్ణించాడు. అక్కడ ఆకాశాలు దాటడం అలంకారం కాదు, కథ. రాజు విషయంలో వినేవాడికీ చెప్పేవాడికీ అబద్ధమని తెలిసిన మాటే, ఇక్కడ ఇద్దరూ నమ్మే మాట అయింది. అతిశయోక్తి తన సిగ్గును పోగొట్టుకుంది. శిల్పపరంగా మతస్తుతికి కలిగిన మొదటి లాభం ఇది: కొలువులో అరిగిపోయిన ప్రతీకలకు మళ్లీ నిజాయితీ దొరికింది.

రెండవ లాభం ఇంకా ముఖ్యమైనది. నిజామీ తొలి కావ్యం 'మఖ్జన్ అల్ అస్రార్' వరుస నాత్‌లతో మొదలవుతుంది. అందులోనే సుల్తాన్ సంజర్‌ను అడ్డగించి, నీ మనుషులు నా మీద దౌర్జన్యం చేశారని నిలదీసే ముసలమ్మ కథ ఉంది. నౌషేర్వాన్ పాలనలో పాడుబడిన ఊళ్లను గుడ్లగూబలు కట్నాలుగా మాట్లాడుకునే కథ ఉంది. ఈ కావ్యాన్నీ ఆయన ఒక పాలకునికే అంకితమిచ్చాడు. రాజు చేతికిచ్చే పుస్తకంలో రాజును నిలదీసే ముసలమ్మను పెట్టడం ఎలా సాధ్యమైంది? పీఠికలోనే రాజుకంటే పైన ఒక అధికారాన్ని నిలబెట్టాడు గనుక. రాజు కూడా లెక్క చెప్పుకోవలసిన చోటు ఒకటుందని ముందే ఒప్పించి, ఆ తర్వాత లెక్క అడిగాడు. మతస్తుతి ఇక్కడ ప్రజల ఫిర్యాదుకు రక్షణ కవచమైంది.

అమీర్ ఖుస్రో (1253-1325) ఢిల్లీలో ఒకరి తర్వాత ఒకరుగా అనేకమంది సుల్తానులను పొగిడాడు. సింహాసనం మీద మనిషి మారినప్పుడల్లా పొగడ్త మారింది. మారనిది గురువు నిజాముద్దీన్ స్తుతి ఒక్కటే. ఆ గురువు సుల్తానుల కొలువులకు వెళ్లకుండా తప్పించుకున్నవాడు. ఖుస్రో మస్నవీల పీఠికల్లో గురువు సుల్తాను కంటే ముందు వస్తాడు. ఆ వరసను చిన్న విషయంగా తీసుకోకూడదు. బతుకుతెరువు ఎవరిదో, గౌరవం ఎవరిదో కవి ఆ వరసతోనే చెప్పాడు.

6

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి మతస్తుతి ఎప్పుడూ రాజుకు పక్కలో బల్లెమేనని అనుకుంటే, పదహారో శతాబ్ది ఇరాన్ దాన్ని తారుమారు చేస్తుంది. 1501లో సఫవీ వంశం అధికారానికి వచ్చి షియా మతాన్ని రాజ్యమతంగా ప్రకటించింది. అప్పటికి జనంలో ఎక్కువమంది సున్నీలు. షా తహ్మాస్ప్ (పాలన 1524-76) కాలంలో కాషాన్‌కు చెందిన ముహతషమ్ అనే కవి షా మీదా, రాకుమారి పరీఖాన్ ఖానమ్ మీదా ఖసీదాలు పంపాడు. షా వాటిని మెచ్చలేదు. కవులు నన్ను పొగడవద్దు, అలీనీ ఇమాములనూ పొగడండి, బహుమానం ముందు వారి ఆత్మల నుంచి, తర్వాత మా నుంచి ఆశించండి అని చెప్పి పంపాడట. ఈ సంగతి సఫవీ కొలువు చరిత్రకారుడు ఇస్కందర్ బేగ్ రాశాడు. ముహతషమ్ అలీ మీద ఏడు భాగాల స్తుతి రాసి పంపాడు. బహుమానం వచ్చింది. అది విని ఇతర కవులూ అటువంటివి రాసి కొలువుకు పంపసాగారు.

మన అన్నమయ్య కథను దీని పక్కన పెట్టి చూడండి. దేవుని పాడినట్టు నన్ను పాడమని రాజు అడిగితే కవి కాదన్నాడని మన ఐతిహ్యం. ఇక్కడ నన్ను కాదు, దేవుని మనుషులను పాడమని రాజే అంటున్నాడు. పైకి ఇది వినయం. లోపల ఇది విధానం. జనాన్ని కొత్త మతంలోకి తేవాలంటే, రాజు కత్తి మీద ఖసీదాల కంటే అలీ మీద మన్ఖబత్‌లు ఎక్కువ పనిచేస్తాయి. మతస్తుతి ప్రభుత్వ ప్రచార శాఖ అయింది. రాజు పేరు పద్యంలో లేనంత మాత్రాన పద్యం రాజుది కాకుండా పోదు.

అయినా కథ అక్కడితో ముగియలేదు. ముహతషమ్ పేరు నిలిపినది కర్బలా మీద ఆయన రాసిన పన్నెండు భాగాల శోకకావ్యం. అది కొలువు దాటి వీధిలోకి వచ్చింది. ముహర్రం రోజుల్లో ఇరాన్‌లో నల్లగుడ్డల మీద ఆ పంక్తులు రాసి గోడలకు కడతారు. కొలువులో స్తుతి వినేది పదిమంది. శోకగీతానికి ఏడ్చేది ఊరంతా. పైగా ఆ కథలో దుర్మార్గుడు యజీద్, ఒక పాలకుడు. 1978 డిసెంబరులో, ముహర్రం తొమ్మిది, పది రోజుల్లో, లక్షలాది ఇరానీలు పహ్లవీ షాకు వ్యతిరేకంగా వీధుల్లో నడిచినప్పుడు, ఆనాటి షా జనం నోట యజీద్ అయ్యాడు. ఒక షా ఆదరణలో పెరిగిన భాష మరో షా మీదికి తిరిగింది. 1979 తర్వాత అదే భాష కొత్త రాజ్యం చేతిలో మళ్లీ పాలనభాష అయింది. ఏ భాషా శాశ్వతంగా ఒక పక్షాన ఉండదనడానికి ఇది పాఠం.

ఇరాన్‌లో పొగడ్తకు గిట్టుబాటు తగ్గిన ఆ కాలంలోనే చాలామంది కవులు హిందూస్థాన్‌కు, దక్కనుకు దారిపట్టారు. ఉర్ఫీ (1555-91) షీరాజ్ నుంచి దక్కను మీదుగా అక్బరు కొలువుకు చేరాడు. ఆయన నాత్ ఒకటి చాలా ప్రసిద్ధం. ఈ దారిలో తొందరపడవద్దని, రాజులకు వాడిన బాణీ ఇక్కడ పనికిరాదని అందులో తనను తానే హెచ్చరించుకుంటాడు. రెండు కొలువుల మధ్య నడిచే కవికి ఆ ఇబ్బంది ఎంత బాగా తెలుసో దీన్ని బట్టి ఊహించవచ్చు.

దక్కనులో ఈ సంప్రదాయం మన ముంగిట్లోకి వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. హైదరాబాదు కట్టిన ముహమ్మద్ కులీ (పాలన 1580-1612) దక్కనీలో నాత్‌లు, మన్ఖబత్‌లు రాశాడు. ఆ కొలువు కవి వజ్హీ 1609లో రాసిన 'కుతుబ్ ముష్తరీ' ఫారసీ మస్నవీ పీఠిక క్రమాన్నే పాటించింది. అంతకు ముందే అదే వంశంలోని ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చాడు. ఒకే ఏలుబడిలో హమ్ద్-నాత్‌ల పీఠికా, ఇష్టదేవతా స్తుతి పీఠికా పక్కపక్కన నడిచాయి. దేవుళ్లు వేరు, భాషలు వేరు. అధికారక్రమం మాత్రం ఒకటే. ఆ కొలువు పోయింది. మిగిలింది తెలంగాణ పల్లెల్లో పీర్ల గుండం చుట్టూ పాడే తెలుగు పాటలు. ఆ పాటలకు ఖసీదా ప్రాస లేదు, మమ్దూహ్ లేడు, బహుమానం లేదు. పాడేవారిలో చాలామంది ముస్లిములు కూడా కారు. హసన్ హుసేన్‌లు అందులో రాజులుగా కంటే అన్యాయంగా పోయిన ఇంటి బిడ్డలుగా వినిపిస్తారు. స్తుతి అంత దూరం నడిచి వచ్చాక దానిలో కొలువు ఎంత మిగిలిందో మన పరిశోధకులు చూడవలసిన పని ఉంది.

7

ఇదంతా చదివాక నాకు తేలినది ఒకటే. స్తుతిపద్యం ఎవరి పేర ఉన్నదని చూసి దానికి ముద్ర వేయరాదు. ఆ పొగడ్తకు వెల ఎవరిచ్చారు, దాన్ని వినడానికి ఎవరు వచ్చారు, దాని నీడలో కవి ఇంకేం మాట్లాడగలిగాడు అని అడగాలి. నిజామీ నాత్ నీడలో ముసలమ్మ మాట్లాడింది. తహ్మాస్ప్ కోరిన మన్ఖబత్ నీడలో రాజ్యవిధానం నడిచింది. రెండూ మతస్తుతులే.

ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. మన పక్షంలో కూడా స్తుతి ఉంది. నాయకుల మీద, అమరుల మీద మనం రాసే గీతాలలో సూర్యులూ, సముద్రాలూ, సింహాలూ ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టుకుంటే, ఉన్సురీ సామాను మన ఇంట్లో ఎంత ఉందో తెలుస్తుంది. అమరుణ్ణి పొగడటం తప్పు కాదు. కాని ఆ పొగడ్త బతికున్న నాయకుణ్ణి ఒక ప్రశ్న అడగడానికి ధైర్యమిస్తున్నదా, లేక అడగకుండా నోరు మూయిస్తున్నదా? స్నానశాల కొలిమి దగ్గరి తాగుబోతు మన గుమ్మం ముందు కూడా కూర్చుని ఉన్నాడని గుర్తుంచుకోవాలి.

ఇక మా కుర్రవాడికి బాకీ ఉన్న జవాబు. అవును, రాముడూ రాజే. పోతనకు తెలిసిన పెద్దరికం అదొక్కటే గనుక దేవుణ్ణి కూడా ఆ బట్టల్లోనే చూశాడు. కాని ఆ రాజు అగ్రహారాలివ్వడు, కనకాభిషేకం చేయడు, పద్యం దిద్దమనడు. అందువల్ల పోతనకు ఏ స్వేచ్ఛ దొరికిందో, దానితో ఆయన ఏమేం చెప్పగలిగాడో, ఏం చెప్పలేకపోయాడో భాగవతంలోనే వెతకాలి. వచ్చే ఏడు ఆ పాఠాన్ని ఆ ప్రశ్నతోనే మొదలుపెడదామనుకుంటున్నాను.